పైకి పోయిన సమాచారం ఉప కేంద్రానికి తిరిగి రావాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. గ్రామీణ ఆరోగ్య కేంద్రాలకు ట్యాబ్‌లు పంపిణీ చేశారని, ఇన్ని లక్షల మందికి ఆభా అనే ఆరోగ్య గుర్తింపు నంబర్లు ఇచ్చారని, ఫోనులో డాక్టరును చూపించే పద్ధతిలో ఇన్ని వేల మందికి వైద్యం అందిందని పత్రికల జిల్లా పేజీల్లో తరచుగా వార్తలు వస్తుంటాయి. వాటిలో అబద్ధం ఉందని నేను అనను. అయితే ఆ వార్తలన్నింటికీ కొలత ఒక్కటే: ఎన్ని పరికరాలు చేరాయి, ఎందరి వివరాలు పైకి ఎక్కాయి. అలా ఎక్కిన వివరాల్లో ఎన్ని మళ్లీ కిందికి దిగి వచ్చి, రోగి ఎదుట కూర్చున్న ఉప కేంద్రం నర్సు ఏఎన్‌ఎంకో, ఆ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరుకో పనికొచ్చాయన్న లెక్క మాత్రం ఎక్కడా కనిపించదు. ఏఎన్‌ఎంగా ఉద్యోగంలో చేరి, మైదానంలోనూ ఏజెన్సీలోనూ పనిచేసి, ఆరోగ్య పర్యవేక్షకురాలిగా పదవీ విరమణ చేసిన దాన్ని కనుక ఈ రెండో లెక్క గురించి కొంత వివరంగా రాయడానికి మీ పత్రికలో చోటు కోరుతున్నాను.

నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతంలో 5,000 మందికి, గిరిజన, కొండ ప్రాంతాల్లో 3,000 మందికి ఒక ఉప కేంద్రం ఉండాలి. అక్కడ జరిగే వైద్యంలో సగం, ఎవరి పరిస్థితి ఏమిటో గుర్తుంచుకోవడమే. ఏ ఇంట్లో గర్భిణికి ఏడో నెల వచ్చింది, ఆమెకు మొదటి కాన్పు ఆపరేషనా కాదా, కిందటి నెల రక్తం ఎంత ఉంది, ఏ బిడ్డకు పెంటావలెంట్ టీకా రెండో డోసు తప్పిపోయింది, బీపీ మాత్రలు వాడుతున్న వారిలో ఎవరు రెండు నెలలుగా మాత్రలకు రాలేదు అన్నవి తెలిసి ఉంటే మిగతా పని నడుస్తుంది; తెలియకపోతే ఎన్ని మందులున్నా ప్రయోజనం లేదు. ఈ జ్ఞాపకాన్ని మా తరం వాళ్లం రిజిస్టర్లలో దాచుకున్నాం. అర్హులైన దంపతుల రిజిస్టరు, గర్భిణుల రిజిస్టరు, టీకాల రిజిస్టరు, మందుల స్టాకు రిజిస్టరు, నెలాఖరున వాటన్నింటినీ కూడి పంపే నివేదిక, ఇదీ మా రాతపని. చేతిరాత అర్థం కాకపోవడం, పేజీ చిరిగిపోవడం, వానకు తడవడం వంటి లోపాలు వాటికి ఎన్నో ఉన్నా, రాసిన మనిషే వాటిని మళ్లీ చదివేది. టీకాల రోజైన బుధవారానికో శనివారానికో ముందు రిజిస్టరు తిరగేసి, ఎవరెవరు రావాలో చీటీ రాసి ఆశా కార్యకర్తకు ఇచ్చేది. అంటే సమాచారం పుట్టిన చోటే మొదట ఖర్చయ్యేది. నెల లెక్కలు ఆ తర్వాతి మాట.

చేతి పరికరం ఇచ్చి ఏఎన్‌ఎం రాతపని తగ్గించాలన్న ఆలోచన ఈనాటిది కాదు. పైగా దాని తొలి పరీక్షలు కొన్ని తెలుగు నేల మీదే జరిగాయి. స్మార్ట్‌ఫోను అన్న మాట ఇక్కడెవరూ విననప్పుడు, 2000 దశకం తొలి సంవత్సరాల్లో, నల్గొండ జిల్లాలో ఏఎన్‌ఎంలకు అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్లు ఇచ్చి ఇంటింటి వివరాలు అందులో నమోదు చేయించారు. దాదాపు అదే కాలంలో నార్వే దేశంలోని ఓస్లో విశ్వవిద్యాలయం పరిశోధకులు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో కలిసి చిత్తూరు జిల్లా కుప్పం ప్రాంతంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఒక ఆరోగ్య సమాచార వ్యవస్థను ప్రయోగాత్మకంగా పెట్టారు. ఆ వ్యవస్థ వర్ణవివక్ష పాలన ముగిసిన తర్వాత దక్షిణాఫ్రికాలో రూపుదిద్దుకున్నది. సమాచారాన్ని సేకరించిన కేంద్రమే మొదట దాన్ని వాడుకోవాలి, పైవాళ్లకు పంపడం ఆ తర్వాత అన్నది దాన్ని తయారుచేసిన వాళ్లు పట్టుబట్టిన సూత్రం. దాని తర్వాతి రూపమైన డీహెచ్‌ఐఎస్-2 ను 2006లో మొదట కేరళలో వాడారు. ఈ రోజు బంగ్లాదేశ్ మొదలుకొని ఆఫ్రికా ఖండం దాకా 70కి పైగా దేశాలు తమ ఆరోగ్య లెక్కలకు దాని మీద ఆధారపడుతున్నాయి. సాఫ్ట్‌వేర్ అన్ని దేశాలకూ వెళ్లింది. కేంద్రమే మొదట వాడుకోవాలన్న సూత్రం మాత్రం ఎక్కడెక్కడ నిలిచిందన్నది వేరే ప్రశ్న. మన దగ్గరైతే నిలవలేదని నేను చెప్పగలను.

ఎందుకు నిలవలేదో అర్థం కావాలంటే 2008 నుంచి వచ్చినవి వరుసగా చూడాలి. 2008లో ఆరోగ్య కేంద్రాల నెలవారీ లెక్కలు ఎక్కించే హెచ్‌ఎంఐఎస్ పోర్టల్ వచ్చింది. 2009లో తల్లీబిడ్డలను పేరుపేరునా గుర్తించే ఎంసీటీఎస్ వచ్చింది, తర్వాత దాని చోట ఆర్‌సీహెచ్ పోర్టల్ వచ్చింది. 2012లో క్షయ రోగులకు నిక్షయ్ వచ్చింది. 2016లో ఏఎన్‌ఎంలు ట్యాబ్ మీదే వివరాలు ఎక్కించే అన్మోల్ యాప్ వచ్చింది. దాన్ని మొదట మొదలుపెట్టింది ఆంధ్రప్రదేశ్‌లోనే. తర్వాత మధుమేహానికీ బీపీకీ ఎన్‌సీడీ యాప్, కొవిడ్ కాలంలో కోవిన్, ఆ మీదట పిల్లల టీకాలకు యూవిన్, వీటికి తోడు రాష్ట్ర ప్రభుత్వాలు తమ పథకాలకు పెట్టుకున్న యాప్‌లు. ఒక్కొక్కటి విడిగా చూస్తే దేనికీ వంక పెట్టలేం. ప్రతి దాని వెనుకా ఒక కార్యక్రమ అధికారి, ఆయనకు కావలసిన ఒక నివేదిక ఉన్నాయి. ఇవన్నీ వచ్చి వాలేది మాత్రం ఒకే ఏఎన్‌ఎం ఒడిలో.

ఒక గర్భిణి మొదటిసారి ఉప కేంద్రానికి వచ్చిందనుకోండి. ఆమె చేతిలోని తల్లీబిడ్డల రక్షణ కార్డులో వివరాలు రాయాలి. గర్భిణుల రిజిస్టరులో రాయాలి. ట్యాబ్‌లో ఆర్‌సీహెచ్ నంబరు తీయాలి. గర్భిణులకు కేంద్రం ఇచ్చే మాతృవందన డబ్బు కోసం ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలు వేరే చోట ఎక్కించాలి. ఆభా లేకపోతే తీయాలి, దానికి ఓటీపీ రావాలి. రక్తహీనత ఉందని తేలితే హైరిస్కు పట్టిక ఒకటి తయారుచేసి వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. ఇన్ని చోట్ల రాసినా, నెలవారీ సమీక్షకు వెళ్లేటప్పుడు అవే అంకెలు మళ్లీ కాగితం మీద నింపి పట్టుకెళ్లాలి, ఎందుకంటే పోర్టల్‌లో కనిపించే అంకెకూ కేంద్రం చెప్పే అంకెకూ పొంతన కుదరదు. పగలంతా సర్వర్ తిరుగుతూనే ఉంటే, ఇంటికి వెళ్లి పిల్లలకు అన్నం పెట్టి రాత్రి పదింటికి కూర్చుని ఎంట్రీలు పూర్తిచేసే ఏఎన్‌ఎంలు ఇవాళ్టికీ ఉన్నారు. రాతపని తగ్గిస్తామని మొదలైన పని రాతను రెండింతలు చేసింది. ఇది యంత్రం తప్పు కాదు. పాతదాన్ని రద్దు చేస్తూ ఉత్తర్వు ఇవ్వకుండానే కొత్తదాన్ని తెచ్చి పెట్టిన పరిపాలన తప్పు. కొత్త యాప్ ప్రారంభించే రోజున, దాని వల్ల ఇక అక్కర్లేని రిజిస్టర్లు ఏవో చెప్పే ఉత్తర్వు కూడా ఇచ్చిన సందర్భం నా ఉద్యోగ కాలంలో నాకు గుర్తులేదు.

ఇంత కష్టానికి ప్రతిఫలంగా అవసరమైన వేళ సమాచారం చేతికి అందితే ఎవరూ ఫిర్యాదు చేయరు. అందదు. పార్వతీపురం మన్యం జిల్లా సరిహద్దు పల్లెల్లో కాన్పుకు పుట్టింటికి వెళ్లడమంటే చాలామందికి ఒడిశాలోని రాయగడ జిల్లాకు వెళ్లడమే. ఇటువైపు ఏడు నెలలు చూసిన గర్భిణి అటువైపు ఆసుపత్రికి వెళ్లినప్పుడు, ఆమెతో వెళ్లేది కార్డు ఒక్కటే. కార్డు ఇంట్లో మరచిపోతే, హిమోగ్లోబిన్ ఏడు గ్రాముల కంటే తక్కువ ఉన్న మనిషి అని, రక్తహీనతకు ఐరన్ సుక్రోజ్ ఇంజెక్షన్లు ఇన్ని ఇచ్చారని అక్కడి డాక్టరుకు చెప్పేవాళ్లుండరు. రాష్ట్రం దాటనక్కర లేదు, సొంత జిల్లాలోనే ఇది జరుగుతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి ఏరియా ఆసుపత్రికి, అక్కడి నుంచి నగరంలోని పెద్దాసుపత్రికి పంపిన గర్భిణికి ప్రతి చోటా అవే రక్తపరీక్షలు మొదటి నుంచి చేస్తారు, ఎందుకంటే కింద చేసినవి పైన కనిపించవు. ఆమె కాన్పై ఇంటికి చేరిన సంగతి ఏఎన్‌ఎంకు తెలిసేది ఆశా చెబితేనో, పొరుగింటివారు చెబితేనో. ఆపరేషన్ అయిందా, రక్తం ఎక్కించారా, బిడ్డ ఎంత బరువు, బిడ్డను నవజాత శిశు విభాగంలో ఉంచారా అన్నవి ఏ తెర మీదా ఆమెకు కనిపించవు. పుట్టిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఇంటికి వెళ్లి చూడాలన్నది ఆశాల పనిలో భాగం. వేరే జిల్లాలో కాన్పై, తక్కువ బరువుతో పుట్టి, పదో రోజున ఇంటికి వచ్చిన బిడ్డ విషయం పదిహేనో రోజున తెలిస్తే, ఎక్కువ జాగ్రత్త పడవలసిన ఆ మధ్య రోజులు ఎవరూ చూడకుండానే గడిచిపోతాయి.

ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఈ లోటును తీర్చడానికే వచ్చిందన్న సంగతి నాకు తెలుసు. 2021 సెప్టెంబరులో దేశమంతటా ప్రారంభించిన ఈ పథకం ఊహ చక్కనిది. 14 అంకెల ఆభా నంబరు ఉంటుంది. రికార్డు తయారైన ఆసుపత్రిలోనే ఉంటుంది. రోగి ఒప్పుకుంటే మరో ఆసుపత్రి దాన్ని తెరిచి చూడవచ్చు. అయితే ఇది పని చేయాలంటే రికార్డు అనేది ముందు కంప్యూటర్లో పుట్టాలి కదా! నేను చూసిన చాలా చోట్ల ఓపీ చీటీ మాత్రం కంప్యూటర్లో పుడుతోంది. దాని మీద పేరు, వయసు, గది నంబరు ముద్రించి ఉంటాయి. జబ్బేమిటో, మందేమిటో డాక్టరు ఆ చీటీ వెనుక కలంతో రాస్తారు. పొద్దుటి పూట వందకు పైగా ఓపీ చూసే డాక్టరు టైపు చేస్తూ కూర్చోలేరు. ఆ మాట ఒప్పుకోవాలి. కానీ అలాంటప్పుడు ఆభాకు జతపడేది జబ్బు వివరం కాదు, ఆ మనిషి ఆ రోజు ఆసుపత్రికి వచ్చాడన్న సాక్ష్యం మాత్రమే. నంబర్లు తీయడంలో ఏ జిల్లా ముందుందో ప్రకటించే అధికారులు, ఆ నంబరు కింద ఒక్క డిశ్చార్జి సారాంశమైనా ఉన్నవారు ఎందరో కూడా ప్రకటించాలి. 2022లో తెలంగాణ ప్రభుత్వం ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో ఇంటింటికీ వెళ్లి పరీక్షలు చేసి ఆరోగ్య వివరాల పట్టిక తయారుచేయించినప్పుడూ నాకు ఇదే ఆసక్తి కలిగింది: ఆ పట్టిక ఊళ్లోని ఏఎన్‌ఎం రోజూ తెరిచి చూసుకునేదిగా ఉంటుందా, హైదరాబాద్‌లో తెరిచి చూసేదిగా ఉంటుందా అని.

విద్యుత్తు, సిగ్నల్ సంగతి చాలామంది రాశారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ బ్యాంకు తదితర సంస్థలు కలిసి 2023 జనవరిలో ప్రకటించిన నివేదిక ప్రకారం, పేద, దిగువ మధ్య ఆదాయ దేశాల్లో దాదాపు 100 కోట్ల మంది నమ్మదగిన కరెంటు లేని, లేదా అసలు కరెంటే లేని ఆరోగ్య కేంద్రాల మీద ఆధారపడి ఉన్నారు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల మీద సౌర ఫలకాలు పెట్టించి ఈ సమస్యను చాలావరకు పట్టించుకుంది. మన ఏజెన్సీలో ఇప్పటికీ రోడ్డు లేక రోగులను డోలీలో మోసుకొచ్చే గ్రామాలున్నాయి. అక్కడ ఫోను సిగ్నల్ కోసం గుట్ట ఎక్కవలసిందే. నెట్‌వర్కు లేకపోయినా ఎంట్రీ తీసుకుని, సిగ్నల్ దొరికినప్పుడు దానంతట అది పంపుకునే యాప్ అయితే ఈ కష్టం సగం తీరుతుంది. అలా పనిచేస్తామని చెప్పుకునే యాప్‌లు కూడా తీరా లాగిన్ దగ్గర నెట్‌వర్కు అడుగుతాయి. ఇంకొక చిన్న విషయం ఉంది, చిన్నదే అయినా పనిని ఆపేది అదే: ట్యాబ్ తెర పగిలితే బాగుచేయించడానికి ఎవరి దగ్గరకు వెళ్లాలి, సిమ్ రీచార్జి ఎవరు కట్టాలి అన్నవాటికి చాలాచోట్ల సమాధానం లేదు. పరికరాలు కొనడానికి నిధులుంటాయి, బాగుచేయించడానికి పద్దు ఉండదు. చివరికి ఏఎన్‌ఎం తన సొంత ఫోనులో, తన సొంత డబ్బుతో ప్రభుత్వ పని చేస్తుంది.

ఫోనులో డాక్టరును చూపించే ఈ-సంజీవని గురించి కొంచెం జాగ్రత్తగా రాయాలి, ఎందుకంటే దాని మేలు నేను కళ్లారా చూశాను. 2019 నవంబరులో మొదలైన ఈ సేవ 2023 ఫిబ్రవరి నాటికి దేశంలో 10 కోట్ల సంప్రదింపులు దాటింది. అందులో 3 కోట్లకు పైగా ఒక్క ఆంధ్రప్రదేశ్‌వే. చర్మ వ్యాధికో, పిల్లల జబ్బుకో స్పెషలిస్టు సలహా ఊళ్లోనే దొరకడం, రోజు కూలీ పోగొట్టుకుని పట్నం వెళ్లే మనిషికి చిన్న సాయం కాదు. కానీ ప్రతి కేంద్రానికీ రోజుకు ఇన్ని కాల్స్ చేసి తీరాలన్న లక్ష్యం పెట్టినప్పుడు ఏమవుతుంది? మాత్రలు అయిపోయి తీసుకుపోవడానికి వచ్చిన బీపీ పేషెంటు పేరు మీద కూడా ఒక కాల్ పడుతుంది. అవతలి డాక్టరు ముందు ఆ మనిషి పాత బీపీ అంకెలు ఉండవు కనుక, ఉన్న మాత్రలే కొనసాగించమని రాస్తారు. ఆ మందు ఈ కేంద్రంలో స్టాకు ఉందో లేదో కూడా ఆయనకు తెలియదు. లెక్కలో అదొక సంప్రదింపు. నిజంగా డాక్టరు సలహా కావలసిన మరో రోగికి లైను దొరకని పూట, ఈ కాల్‌ వల్ల ఎవరికి మేలు జరిగిందో చెప్పడం కష్టం. 2019 ఏప్రిల్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ డిజిటల్ ఆరోగ్యంపై తన మొదటి మార్గదర్శకాలు విడుదల చేసినప్పుడే, ఇవి నడుస్తున్న ఆరోగ్య వ్యవస్థకు తోడు కావచ్చు కానీ దాని స్థానాన్ని తీసుకోలేవని స్పష్టం చేసింది. డాక్టరు పోస్టు ఖాళీగా ఉన్న చోట తెర పెట్టి సరిపుచ్చుకునే ప్రభుత్వాలు ఆ మాటను చదవాలి.

బాగా పనిచేసేవి లేకపోలేదు. టీకాల ఫ్రిజ్‌లకు పెట్టిన ఈవిన్ వ్యవస్థను చూడండి. ఫ్రిజ్ లోపల ఒక చిన్న పరికరం ఉంటుంది. ఉష్ణోగ్రత 2 నుంచి 8 డిగ్రీల హద్దు దాటగానే అది అలారం మోగిస్తుంది, బాధ్యుల ఫోనుకు మెసేజ్ పంపుతుంది. అంటే సమాచారం ఢిల్లీకి వెళ్లడంతో పాటు, ఆ ఫ్రిజ్ తలుపు తెరిచి చూడగల మనిషికీ వెళుతుంది. ఆ పరికరం రాతపని అడగదు. దాన్ని పెట్టిన తర్వాత కరెంటు పోయిందని రాత్రివేళ కేంద్రానికి పరుగెత్తిన ఫార్మసిస్టులను నేనెరుగుదును, దాన్ని తిట్టుకున్న వాళ్లను మాత్రం చూడలేదు. అలాగే హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి తన గ్రామీణ దృష్టి కేంద్రాలను నడిపే పద్ధతి గమనించదగ్గది. దాదాపు 50,000 మందికి ఒకటి చొప్పున పెట్టే ఆ కేంద్రంలో శిక్షణ పొందిన స్థానిక యువతీ యువకులు కంటి పరీక్ష చేస్తారు; అనుమానం వస్తే పైకేంద్రం డాక్టరు దూరం నుంచే చూసి చెబుతారు; పల్లెలో మొదలైన రికార్డే పెద్దాసుపత్రి దాకా రోగి వెంట నడుస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ దగ్గర గనియారిలో జన స్వాస్థ్య సహయోగ్ అనే సంస్థ నడిపే గ్రామీణ ఆసుపత్రి అవసరాల నుంచి పుట్టిన బహ్మ్నీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తర్వాత నేపాల్‌తో సహా పలు దేశాల ఆసుపత్రులకు వెళ్లింది. ఇందులో నాకు కనిపించే పోలిక ఒక్కటే. అక్కడ వైద్యం చేసేవాళ్ల అవసరం ముందు వచ్చింది, లెక్కలు దాని నుంచి తయారయ్యాయి. మన ప్రభుత్వ పోర్టళ్లలో క్రమం తలకిందులైంది.

రోగుల వైపు నుంచి కూడా ఒక మాట. ఓటీపీ వస్తేనే పని జరిగే పద్ధతి పెట్టినవాళ్లు ప్రతి మనిషికీ ఒక ఫోను ఉంటుందనుకున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తాను సొంతంగా వాడుకునే మొబైల్ ఫోను ఉన్న మహిళలు దేశంలో 54 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో సగం కంటే తక్కువ. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఇంటి ఫోను చాలాసార్లు వలస వెళ్లిన భర్త జేబులో చెన్నైలోనో విశాఖలోనో ఉంటుంది. ఓటీపీ ఆయనకు వెళుతుంది. ఆయన పని మధ్యలో చూసి చెప్పేసరికి గడువు అయిపోతుంది. ఇది సౌకర్యం సమస్య అయితే, దీని వెనకే గోప్యత సమస్య ఉంది. హెచ్‌ఐవీ పరీక్ష, గర్భస్రావం, మానసిక వ్యాధి మందులు వంటి వివరాలు ఇంటి ఫోనుకు మెసేజ్‌గా వెళితే ఆ స్త్రీ ఇంట్లో ఏమి జరుగుతుందో ఉప కేంద్రంలో పనిచేసిన వాళ్లకు విడమరచి చెప్పనక్కర లేదు. వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. కానీ ఒకే లాగిన్, ఒకే పాస్‌వర్డును నలుగురు పంచుకునే కేంద్రంలో, ఇంటి పేర్లతో సహా హైరిస్కు పట్టికలు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే చోట, చట్టం ఎంతవరకు దిగుతుంది? కోవిన్ రోజుల్లో 18 నుంచి 44 ఏళ్ల వారు ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటేనే టీకా అన్నప్పుడు స్మార్ట్‌ఫోను లేని పల్లె జనం సంగతేమిటని సుప్రీంకోర్టే 2021లో కేంద్రాన్ని ప్రశ్నించింది. ఆ తర్వాత కేంద్రాల వద్దే నమోదుకు వీలు విస్తరించింది. అలాంటి వీలు ప్రతి సేవకూ మొదటి రోజు నుంచే ఉండాలి.

కాగితాన్ని పూర్తిగా తీసేయమని నేను అడగడం లేదు. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై సైబర్ దాడి జరిగినప్పుడు, దేశంలోని పెద్ద ఆసుపత్రుల్లో ఒకటైన ఆ సంస్థ సుమారు రెండు వారాల పాటు చేతిరాత చీటీలతో నడిచింది. అంతటి సంస్థకే తప్పనిది మనకు తప్పుతుందా? తల్లీబిడ్డల కార్డు రోగి చేతిలో ఉండాలి, ఒకే ఒక్క రిజిస్టరు కేంద్రంలో ఉండాలి. మిగిలిన నమోదంతా ఒక్కసారే, ఒక్క చోటే జరగాలి. నిక్షయ్‌కు కావలసినవి, ఆర్‌సీహెచ్‌కు కావలసినవి, ఎన్‌సీడీకి కావలసినవి అక్కడి నుంచి యంత్రాలే తీసుకోవాలి. ఆ మాటకొస్తే రెండు సాఫ్ట్‌వేర్లను కలపడం కోసం ప్రభుత్వాలు చేసే ఖర్చు, ఏఎన్‌ఎంలు రెండుసార్లు రాస్తూ పోగొడుతున్న పగళ్ల ముందు చాలా తక్కువే అవుతుంది.

ఇక ఈ సమాచారం కిందికి రాకపోవడానికి అసలు కారణం సాంకేతికం కాదని నా అభిప్రాయం. ఉప కేంద్రాలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు ప్రజారోగ్య విభాగం కింద, జిల్లా వైద్య ఆరోగ్యాధికారి చేతిలో ఉంటాయి. ఏరియా, జిల్లా ఆసుపత్రులు వైద్య విధాన పరిషత్‌గా మనకు అలవాటైన మరో విభాగం కింద ఉంటాయి. బోధనాసుపత్రులు వైద్య విద్య సంచాలకుల కింద ఉంటాయి. ముగ్గురికీ మూడు సమీక్షలు, మూడు డ్యాష్‌బోర్డులు. ఏరియా ఆసుపత్రి సూపరింటెండెంటు తన కాన్పుల సంఖ్యకు జవాబుదారీ కానీ, డిశ్చార్జి అయిన బాలింత ఏ ఊరికి వెళ్లిందో అక్కడి ఏఎన్‌ఎంకు చెప్పడానికి జవాబుదారీ కారు. ఎవరూ అడగని పని ఎవరూ చేయరు.

కనుక ఒక్క పనితో మొదలుపెట్టమని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. ప్రతి ఏరియా ఆసుపత్రిలో డేటా ఎంట్రీ ఆపరేటరు ఇప్పటికే ఉన్నారు, కాన్పుల రిజిస్టరు ఇప్పటికే నింపుతున్నారు. ఆ రోజు డిశ్చార్జి అయిన బాలింతల ఊరు, కాన్పు రకం, రక్తం ఎక్కించారా లేదా, బిడ్డ బరువు, ఇచ్చిన మందులు, మళ్లీ చూపించుకోవలసిన తేదీ సాయంత్రానికల్లా ఆ తల్లి ఊరి ఏఎన్‌ఎం ట్యాబ్‌లో, ఆమె మాత్రమే తెరవగలిగేలా కనిపించాలి. దీనికి కొత్త పరికరం కొనక్కర్లేదు. విభాగాలు వేరైనా జిల్లాలో వీటన్నింటినీ ఒక బల్ల ముందు కూర్చోబెట్టగల అధికారం కలెక్టరుకు ఉంది. ప్రతి నెలా జరిగే సమీక్షలో, ఎన్ని ఎంట్రీలు పెండింగ్ ఉన్నాయని ఏఎన్‌ఎంలను అడిగే ముందు, ఎన్ని డిశ్చార్జి వివరాలు గడువులోగా కిందికి పంపారని ఆసుపత్రులను అడిగేలా మా జిల్లాలో ఒక ఉత్తర్వు ఇవ్వాలని, దానికి అవసరమైన మార్పులు సాఫ్ట్‌వేర్‌లో చేయించే బాధ్యతను రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ తీసుకోవాలని మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకురాలు,
పార్వతీపురం మన్యం జిల్లా